పాఠాలకు తాళం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చాలా చిన్నది. తాగరు, తిరగరు, పెట్టింది తింటారు. కాకపోతే తాళాలు వేస్తారు. వీధి తలుపుకు వేస్తే అర్థముంది. బియ్యం డబ్బాకు వేస్తారు. అటక మీద పాత పేపర్లున్న ట్రంకు పెట్టెకు వేస్తారు. నిరుడు వేసవిలో ఊరగాయ జాడీలున్న అల్మారాకు తాళం వేసి, తాళంచెవి దొంగలకు దొరకకూడదని ఎక్కడో దాచారు. దొంగల సంగతి నాకు తెలీదు గానీ మాకు మాత్రం దొరకలేదు. మాగాయ ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి వడ్రంగిని పిలిపించవలసి వచ్చింది. వడ్రంగి చెమటలు కక్కుతూ తలుపు ఊడదీస్తుంటే ఈయన పక్కన నిలబడి, "చూశావా, ఎంత గట్టి తాళమో!" అని మురిసిపోయారు.

ఇంట్లో దీన్ని నేను చాదస్తం అంటాను. ఆఫీసులో అర్హత అంటారు.

మా ఆయన కోటిలింగం గారు గుంటూరులో మిరప శీతల గిడ్డంగుల సమాఖ్యలో సూపరింటెండెంటు. రైతులు ఎండు మిరపకాయలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి, మంచి ధర వచ్చేదాకా దాచుకుంటారు కదా, అలాంటి వాటికి పెద్దాఫీసు అది. ఎక్కడ జాగా ఉందో ఇంటి దగ్గర్నుంచే చూసి బుక్ చేసుకోవడానికి ఒక వెబ్‌సైటు పెట్టారు. దాన్ని నడిపే సర్వరు ఆఫీసు మేడ మీద, ఏసీ గదిలో ఉంటుంది. ఆఫీసులో ఎవరికీ లేని ఏసీ దానికొక్కదానికే ఉందని పాత ఉద్యోగులకు దాని మీద కొంత కడుపుమంట.

ఆ సర్వరు ఆలనా పాలనా చూసేది సువార్త. తెనాలి అమ్మాయి, ఇంజినీరింగు చదివింది, కాంట్రాక్టు ఉద్యోగం. మా మేడ మీద గదిలోనే అద్దెకుంటుంది. అందువల్ల ఆఫీసులో జరిగే ప్రతి విషయమూ నాకు రెండుసార్లు తెలుస్తుంది. ఈయన చెప్పినట్టు ఒకసారి, జరిగినట్టు ఒకసారి.

ఒక సోమవారం పొద్దున రైతులు వెబ్‌సైటు తెరిస్తే, గిడ్డంగుల వివరాలు ఉండవలసిన చోట బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె ప్రకటన కనిపించింది. ఎవడో సర్వరులోకి దూరి పెట్టాడు. మామూలుగా అయితే ఇలాంటి వాటి మీద ఒక కమిటీ వేసి, ఆ కమిటీకి టీలు తెప్పించి వదిలేసేవారు. కానీ వాళ్ళ ఎం.డి. గారిది బట్టతల. ఇది యావత్ సమాఖ్య మీద జరిగిన దాడి అని పైకి అన్నారు గానీ, అంటూ తల తడుముకున్నారట.

"ఇకమీదట సమాఖ్యలోని ప్రతి ఉద్యోగీ వెబ్ అప్లికేషన్ల భద్రత, సర్వర్ల భద్రత నేర్చుకొనవలెను" అని ఆర్డరు వేశారు. ప్రతి ఉద్యోగీ అంటే తూకం వేసేవాళ్ళు, తోటమాలి, డ్రైవర్లు, అందరూ. హైదరాబాదు నుంచి పాఠాలు తెప్పించారు. అట్టపెట్టెల నిండా పుస్తకాలు, వీడియోలు.

సువార్త ఆ సాయంత్రం పెరుగు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, గుమ్మంలోనే గంతేసినంత పని చేసింది.

"ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటన్నా ఆంటీ! దొంగలు ఎట్టెట్టా దూరతారో, ఆ కంతలు ఎట్టా మూయాలో అన్నీ వరసగా ఉన్నయ్ ఆ పుస్తకాల్లో. మా వాళ్ళు పది పేజీలు చదివినా చాలు."

మా వాళ్ళు పది పేజీలు చదవడమనే అవకాశాన్ని మా ఆయన ఆ రాత్రే భోజనాల బల్ల దగ్గర మూసేశారు. పాఠాలు ఎలా పంచాలో నోటు రాసే పని ఎం.డి. గారు ఈయనకే అప్పగించారు. రాసింది నాకు చదివి వినిపించారు.

"'సదరు పాఠములయందు దొంగలు సర్వరులోనికి ప్రవేశించు మార్గములు సవిస్తరముగా వర్ణింపబడియున్నవి. ఇట్టి పాఠములు దొంగల చేతికి చిక్కిన యెడల వారు దొంగతనము నేర్చుకొనెదరు. కావున సదరు పాఠములు అత్యంత గోప్యములుగా పరిగణించి, తాళము వేసి భద్రపరచవలెనని సవినయముగా సమర్పించుకొనుచున్నాను.' ఎలా ఉంది?"

"మరి మీవాళ్ళు ఎలా చదువుతారండీ?"

"పాఠాలు పోతే ఎవరిది జవాబుదారీ? నీదా?"

నాది కాదు కాబట్టి పప్పు వడ్డించాను.

నోటు చూసి ఎం.డి. గారు ఆనందపడ్డారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత దూరదృష్టి గల నోటు చూడలేదన్నారు. దాని కింద తనూ ఒక వాక్యం చేర్చారు. "భద్రతా పరిజ్ఞానము కలవారని ధ్రువపత్రము పొందినవారికి మాత్రమే పాఠములు చదువుటకు అనుమతి." ధ్రువపత్రం కావాలంటే పరీక్ష ప్యాసవ్వాలి. పరీక్ష ప్యాసవ్వాలంటే పాఠాలు చదవాలి. ఇందులో ఎక్కడో చిక్కు ఉన్నట్టుందని సువార్త మీటింగులో లేచి అడిగింది.

"చదవకుండా ఎట్టా ప్యాసవుతాం సార్?"

"అది శిక్షణ విభాగం పరిధిలోని అంశం" అన్నారు ఎం.డి. గారు.

శిక్షణ విభాగం వాళ్ళు మాత్రం తక్కువవాళ్ళా? హైదరాబాదు నుంచి వచ్చిన మాస్టారి చేత ముందు హామీపత్రం మీద సంతకం పెట్టించారు. గోప్యమైన విషయం ఏదీ క్లాసులో పలకనని, పొరపాటున పలికితే విన్నవాళ్ళు మరిచిపోయేదాకా బాధ్యత తనదేనని. తెర మీద చూపించే బొమ్మల మీద నల్లరంగు పూశారు. హాలు కిటికీలు మూసి, ఫ్యాన్ల చప్పుడుకు మాటలు సరిగా వినపడవు కాబట్టి ఫ్యాన్లు మాత్రం వేసి ఉంచారు.

ఆ క్లాసు ఎలా జరిగిందో ఈయన చాలా భక్తిగా చెప్పారు.

"అద్భుతమోయ్! 'ఒకానొక పేజీలోని ఒకానొక గడిలో ఒకానొక దుర్మార్గుడు ఒకానొకటి టైపు చేసిన యెడల, ఒకానొక అనర్థము వాటిల్లును. దానిని నివారించుటకు మనము ఒకానొక జాగ్రత్త తీసుకొనవలెను' అన్నాడు. హాలంతా చప్పట్లు."

"ఏం జాగ్రత్తట?"

"చెప్తే ఇంకేం జాగ్రత్త?"

డ్రైవరొకాయన మాత్రం చెయ్యెత్తి, "ఆ గడేందో చెప్పండి సార్, దాని జోలికి పోకుండా ఉంటాం" అన్నాడట. ప్రశ్న అడగడమంటే సంస్థ బలహీనతను బహిరంగపరచడమేనని అతన్ని మందలించి, కూర్చోబెట్టారు. క్లాసయ్యాక మాస్టారు తన పాఠం తను తీసుకుని వెళ్ళబోతే గేటు దగ్గర ఆపారు. గోప్యమైన సమాచారంతో ఆవరణ దాటడానికి వీల్లేదన్నారు. ఆ సమాచారం తన తలకాయలో ఉందని ఆయన మొరపెట్టుకుంటే, తలకాయకు గేటు పాసు రాసిచ్చి పంపించారు.

ఈ నడుమ వెబ్‌సైటు మీద జుట్టు నూనె పోయి విగ్గుల ప్రకటన వచ్చింది. దొంగకు ఎం.డి. గారి మీద నమ్మకం పోయినట్టుంది.

సర్వరులో ఉన్న కంతలు మూయడానికి అనుమతి ఇమ్మని సువార్త ఫైలు పెట్టింది. కంతలు ఎక్కడెక్కడున్నాయో అందులో రాసింది. అవి గోప్యమైన విషయాలు గనుక అలాంటి ఫైలు చదవడానికి వీల్లేదని, మూయవలసినవి ఏవో చెప్పకుండా అనుమతి కోరితే పరిశీలిస్తామని, ఫైలు వెనక్కి వచ్చింది. ఈ మాట ఆ అమ్మాయి నాకు చెప్పి, నవ్వాలో ఏడవాలో తెలియక మా వీధి అరుగు మీద కూర్చుని నవ్వింది.

తరువాత పరీక్ష. ప్రశ్నపత్రం పైన ఒక హెచ్చరిక అచ్చేశారు. "జవాబులు గోప్యమైనవి. వెల్లడించరాదు." కింద ఒకే పెద్ద ప్రశ్న. "మన సర్వరులోని బలహీనతలు ఏవి? వాటిని ఎట్లు నివారింతువు?"

మా ఆయనకు ఒక్క ముక్క కూడా తెలీదు. తెల్లకాగితం ఇచ్చి వచ్చారు. ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. మూడోనాడు మిఠాయి పొట్లంతో వచ్చారు.

"ఫస్టు ర్యాంకు!"

"తెల్లకాగితానికా?"

"అదేనోయ్ కిటుకు. జవాబులు వెల్లడించరాదని రాశారా? నేను వెల్లడించలేదు. ఎంత ఒత్తిడిలోనైనా నోరు విప్పని మనిషి అని ఎం.డి. గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నన్ను ముఖ్య భద్రతాధికారిని చేశారు. ధ్రువపత్రం ఫస్టు ర్యాంకుకు మాత్రమేనట. ఇప్పుడు ఆ పాఠాలు చదివే అనుమతి సమాఖ్య మొత్తానికీ నా ఒక్కడికే ఉంది."

"చదివారా మరి?"

"అనుమతి ఉంది కదా, చదవడానికి తొందరేముంది?"

తోటమాలి రెండో ర్యాంకు. పేరు కూడా రాయకపోవడం వల్ల ఫలితం ఇవ్వడానికి కాస్త ఆలస్యమైందట.

పరీక్ష తప్పింది ఒక్క సువార్తే. ప్రశ్న అడిగారు కదాని జవాబు రాసింది పిచ్చిది. సర్వరులో సాఫ్టువేరు ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేయలేదని రాసింది. బుకింగు పేజీలో పేరు రాసే గడిలో పేరు బదులు కంప్యూటరు ఆజ్ఞలు రాసినా సర్వరు కిమ్మనకుండా ఒప్పేసుకుంటుందని రాసింది. అసలు పాస్‌వర్డు ఆఫీసు పేరే కాబట్టి ఊళ్ళో ఎవరైనా ఊహించగలరని కూడా రాసింది. ప్రతిదానికీ మందు రాసి, అడిషనల్ షీటు తీసుకుని మరీ రాసింది.

ఎం.డి. గారు ఆ జవాబుపత్రం చూడలేదు. చూసే అనుమతి ఆయనకూ లేదు. కానీ దాని మందం చూశారు.

"ఇంత తెలిసిన మనిషి మన మధ్య తిరుగుతున్నదా? పాఠాలు తాళంలో ఉండగా ఈమెకు ఎలా తెలిసింది? లీకు!"

సువార్తకు మెమో ఇచ్చారు. విచారణాధికారి ముఖ్య భద్రతాధికారి, అంటే మా ఆయన. నేరం రుజువైతే కాంట్రాక్టు రద్దు, ఆ పైన బ్లాక్‌లిస్టు. సమాచారం దొంగిలించిందన్న మచ్చ ఒకసారి పడితే ఇక ఏ ఆఫీసు సర్వరు దగ్గరికీ ఆ అమ్మాయిని రానివ్వరు.

ఆ సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వచ్చి ఎదురుగా కూలబడింది.

"నేనేం దొంగతనం చేశానంట ఆంటీ? అడిగిందానికి రాశా. వచ్చినా రాయకుండా ఉంటే బాగుండేదేమో."

"ఇవన్నీ నీకెలా తెలుసే?"

"తెలవకపోవడమేంది? అందరికీ తెలుసు." ఫోను తీసి చూపించింది. "ఇదిగో చూడండి. లోకంలో ఎక్కువగా పడే కంతలేందో, ఎట్టా మూయాలో, వరసగా రాసి నెట్లో పెట్టారు. ఎవరైనా చదూకోవచ్చు, పైసా కట్టనక్కర్లా. మావాళ్ళు తాళమేసిన పుస్తకాల్లో ఉండేదీ ఇదే."

నేను చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాను. డిగ్రీలో నాది ఆర్థికశాస్త్రం. అయినా మొదటి పాఠం అర్థమైంది. ఎవరు ఏది రాసిచ్చినా పరీక్షించకుండా లోపలికి పోనివ్వవద్దు, అంతే. కూరగాయలబ్బాయి సంచిలో వేసినవన్నీ చూడకుండా తెచ్చుకోము కదా, అలాంటిదే.

ఈయన రాగానే కాఫీ ఇచ్చి, ఫోను ముందు పెట్టాను. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"అది ఆఫీసులో చదవాల్సింది. ఇంట్లో చదివితే నిబంధనలకు విరుద్ధం."

"సరే, చదవద్దు. ఒక మాట అడుగుతాను. డెంగ్యూ దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో మునిసిపాలిటీ వాళ్ళు మన వీధి గోడ మీద రాయించారు కదా. అది చదివి దోమలు నేర్చుకుంటాయని మీరెప్పుడైనా అర్జీ పెట్టారా?"

"దోమకు అక్షరాలు రావు."

"దొంగకు వచ్చు. ఇదంతా వాడు ఎప్పుడో చదివేశాడు. చదవంది మీరూ, మీ ఎం.డి. గారూ."

"ఆడవాళ్ళు ఆఫీసు విషయాల్లో..." అని మొదలుపెట్టి, నేను చిక్కుడుకాయల చాకు అందుకోవడం చూసి, "అదలా ఉంచు" అన్నారు. ఆ పూట టీవీ చప్పుడు పెంచుకుని కూర్చున్నారు. ఏం చూస్తున్నారని అడిగితే చెప్పలేకపోయారు.

మర్నాడు టిఫిను దగ్గర ఉప్మా పళ్ళెం పక్కన ఒక కవరు పెట్టారు. విప్పితే నాకు సమన్లు. "నిందితురాలు నివసించు గృహము యొక్క యజమానురాలైన మీరు సాక్షిగా హాజరు కావలెను. ఇట్లు, విచారణాధికారి."

"ఇది ఇక్కడే నోటితో చెప్పొచ్చు కదండీ?"

"చెబితే అందినట్టు దాఖలా ఉండదు. సంతకం పెట్టు."

సంతకం పెట్టాను. ఇంకొంచెం ఉప్మా అడిగారు. విచారణాధికారి సాక్షి దగ్గర ఏమీ స్వీకరించకూడదేమోనన్నాను. కాసేపు నిజంగానే ఆలోచించారు.

విచారణ ఎం.డి. గారి గదిలో. ఆయన కుర్చీలో ఆయన, పక్కన మా ఆయన, ఎదురుగా సువార్త, మూలన నేను. ఆ అమ్మాయి ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంటర్వ్యూకు వచ్చినదానిలా ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద విచారణ ముగింపు ముందే టైపు చేసి ఉంది. ఆఫీసుల్లో అలాగే చేస్తారట, కాలం కలిసొస్తుందని. "ఆరోపణలు రుజువైనవి. సేవలు తక్షణమే రద్దు." కింద సంతకానికి జాగా. మా ఆయన కలం మూత తీసి పక్కన పెట్టుకున్నారు.

"గోప్య సమాచారము మీకు ఎవరి ద్వారా అందినది?" అని అడిగారు మా ఆయన. రాత్రి పడగ్గదిలో ఫ్యాను స్పీడు తగ్గించమని అడిగే గొంతు కాదది.

"నెట్లో ఉంది సార్."

"నెట్టు వారికి ఎవరు ఇచ్చారు?" అన్నారు ఎం.డి. గారు.

"వాళ్ళే రాశారు సార్."

"మన అనుమతి లేకుండానా?"

సువార్త నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. నవ్వితే కోర్టు ధిక్కారంలాంటిది ఏదైనా ఉంటుందేమోనని భయం.

"సాక్షి చెప్పాలి" అన్నారు మా ఆయన. "నిందితురాలు ఈ సమాచారము చదువుట మీరు చూసితిరా?"

"చూశానండీ. మా వంటింట్లో. నేనూ చదివాను."

ఎం.డి. గారు కుర్చీలో ముందుకు వంగారు. "మీరూనా? వంటింట్లోనా? అమ్మా, ఇది చాలా తీవ్రమైన..."

"మీ ఆఫీసు తాళం నేను తీయలేదండీ. ఫోనులో ఉంటే చదివాను. ఇప్పుడు చూపించమన్నా చూపిస్తుంది."

సువార్త ఫోను తీసి, ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

ఎం.డి. గారు చటాలున రెండు చేతులతో కళ్ళు మూసుకున్నారు. "తియ్యండి! నాకు అనుమతి లేదు! ధ్రువపత్రం కోటిలింగం గారికి మాత్రమే ఉంది!"

కాసేపు చర్చ జరిగింది. సాక్ష్యం పరిశీలించాలి. పరిశీలించే అర్హత ఒక్కరికే ఉంది. మిగతావాళ్ళు గది విడిచి వెళ్తే విచారణ చెల్లదు. ఆఖరుకు ఎం.డి. గారే దారి కనిపెట్టారు. అందరం కుర్చీలు గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి. ఆయన తన తిరుగుడు కుర్చీలో హుందాగా అటు తిరిగారు. నాకూ సువార్తకూ మామూలు కుర్చీలు కాబట్టి మేం లేచి తిప్పుకోవలసి వచ్చింది. నా ఎదురుగా గోడ మీద క్యాలెండరు, ఒక బల్లి.

వెనక మా ఆయన కళ్ళజోడు సవరించుకున్న చప్పుడు. నాకు తెలుసు, ఆయన చదివితే పెదవులు కదుపుతూ చదువుతారు. చాలాసేపు చదివారు. ఆయన జీవితంలో ఆ పాఠాలు చదవడం అదే మొదలు.

"సువార్తా" అన్నారు. గ్రాంథికం పోయింది. "ఈ గడి సంగతి, ఇక్కడ రాసినట్టే, మనదాంట్లోనూ ఉందా?"

"ఉంది సార్" అంది ఆ అమ్మాయి గోడతో. "ఆ నూనె వాడు దూరింది దాంట్లోంచే."

"మూయడానికి మూడు లైన్లే రాశారు ఇక్కడ. మనం ఎందుకు మూయలేదు?"

"అనుమతి కోసం ఫైలు పెట్టా సార్. గోప్యమని తిప్పి పంపారు."

"ఎవరు పంపారు?"

"మీరే సార్."

బల్లి కూడా కదల్లేదు. ఎం.డి. గారు గోడవైపే తిరిగి గొంతు సవరించుకున్నారు.

"కోటిలింగం గారూ, వెల్లడించదగినంతవరకు వెల్లడించండి. ఆ సమాచారం మన పాఠాల్లోనిదేనా? అయితే సంతకం పెట్టేయండి. అవతల నాకు మీటింగుంది."

అది మన పాఠాల్లోనిదే అంటే చాలు, సువార్త పని అయిపోతుంది, ఈయన పదవి మిగులుతుంది. కాదంటే అబద్ధం. అందరికీ తెలిసినదానికి తాళం వేశామంటే, వేయమన్నది ఎవరన్న ప్రశ్న వస్తుంది.

కలం మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

"సంతకం పెట్టను సార్. ఈ అమ్మాయి దొంగిలించిందేమీ లేదు. ఇది లోకమంతా చదువుతున్నదే. దీనికి తాళం వేయమని నోటు రాసింది నేను, ఫైలు తిప్పి పంపింది నేను. దొంగ దూరిన దారి మూయనివ్వంది కూడా నేనే. తప్పు నాది."

ఎం.డి. గారి కుర్చీ కిర్రుమంది గానీ ఇటు తిరగలేదు.

"కోటిలింగం గారూ, ఇది... మేం వినవచ్చునా? గోప్యమా?"

"కాదు సార్. అందరూ వినొచ్చు" అన్నారు మా ఆయన, ఈసారి ఇంకాస్త గట్టిగా. "తప్పు నాది."